వంట ఊళ్లో, భోజనం అడవిలో: కార్తీక వనభోజనాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

విజయనగరం జిల్లాలో ఏటా కార్తీక వనభోజనాలు జరిపే కుల సంఘాల, ఉద్యోగ సంఘాల, కాలనీ కమిటీల, పూర్వ విద్యార్థుల బ్యాచిల పెద్దలకు నమస్కారం.

దీపావళి మర్నాటి నుంచే మీకు ఫోన్ల మోత మొదలవుతుంది. ఎన్ని బస్సులు, వంటమేస్త్రి ఎవరు, సౌండు బాక్సులు ఎక్కడివి, చందా తలకెంత. చోటు దగ్గరకొచ్చేసరికి మాత్రం పెద్దగా తగవు ఉండదు. తాటిపూడి అంటే అందరూ సరేనంటారు. విజయనగరం నుంచి శృంగవరపుకోట రోడ్డు పట్టి, గంట్యాడ మీదుగా గంటలోపు చేరిపోవచ్చు. గోస్తని నదికి అడ్డంగా 1963లో మొదలుపెట్టి 1968లో పూర్తిచేసిన జలాశయం, దాని వెనక అనంతగిరి దాకా వరసగా లేచిన కొండలు, వాటి మీద వెడల్పాకు చెట్ల అడవి. ఇంత దగ్గర్లో ఇంత చక్కని చోటు మరొకటి చూపించడం కష్టం.

తీరా అక్కడికి వెళ్లి మీరు చేసేది చూస్తే, కల్యాణ మండపాన్ని చెట్ల కిందికి మోసుకెళ్లినట్టు ఉంటుంది. షామియానా, గ్యాసు పొయ్యిలు, కట్టెల పొయ్యిలు, తంబోలా, మైకు, సన్మానాలు, శాలువాలు. నాలుగింటికి బస్సెక్కేటప్పుడు పిల్లల్ని ఒక్క చెట్టు పేరు అడగండి, చెప్పలేరు. తప్పు వాళ్లది కాదు, చూపించినవాళ్లు లేరు.

ఈ లేఖలో మేం అడిగేది ఒక్కటే. వంట ఊళ్లోనే కానిచ్చి రండి, అడవిలో పొయ్యి వెలిగించకండి. మిగతా చిక్కుల్లో సగం ఈ ఒక్కదానితో తీరిపోతాయి. ఎలా తీరతాయో వివరంగా రాస్తున్నాం.

పొయ్యికి మీరు ఎంచుకునేది చెట్టు మొదలే. గాలి తగలదని, నీడ ఉంటుందని. అడుగు వెడల్పు మానుకు ఆనించి మూడు రాళ్లు పెట్టి మూడు గంటలు మంట వేస్తే, ఆ పక్క బెరడు కింద పచ్చిగా ఉండే పొర ఉడికిపోతుంది. చెట్టుకు ఆహారం కిందికి దిగేదీ, మాను ఏటా లావెక్కేదీ ఆ పొర వల్లే. మంట తగిలిన సంగతి ఆ ఏడు కనిపించదు. రెండు మూడేళ్లకు ఆ వైపు బెరడు ఊడి, పుచ్చు పట్టి, ఏ తుఫాను గాలికో పడిపోతుంది. కార్తీకంలో అడవి ఇంకా తడిగా ఉంటుంది కదా, అంటుకోదు కదా అని మీరనవచ్చు. పైమంట అంటుకోదు, నిజమే. కానీ ఆకుపెంట కింద పొడిగా ఉన్న వేరును పట్టుకున్న నిప్పు, మీరు రెండు బిందెలు పోసి వెళ్లిపోయాక కూడా లోలోపల రాజుతుంది. అది అలా ఉంచినా, రిజర్వు అడవిలో అనుమతి లేకుండా నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం.

అంతకంటే వెంటనే మీద పడే ప్రమాదం తేనెటీగలు. పెద్ద మద్దులకు, బూరుగులకు, కొండ చరియలకు మూరెడేసి తేనెపట్లు వేలాడుతుంటాయి. కింద నుంచి పొగ లేచిందంటే ఈగలకు అది అడవి తగలబడుతున్న కబురు. తిరగమోత ఘాటు, అత్తరు, డ్రోను చప్పుడు, బాక్సుల అదురు, అన్నీ వాటిని రేపేవే. చుట్ట పొగ కూడా, అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది) అయినా సరే. సామాను దించకముందే ఇద్దరు మనుషులు తల పైకెత్తి, చుట్టూ యాభై మీటర్ల మేర ప్రతి పెద్ద కొమ్మనూ చూసి రావాలి. పట్టు కనిపిస్తే చోటు మార్చుకోవడమే, వేరే మందు లేదు. ఒకవేళ ఈగలు లేస్తే చేతులు విసరకూడదు, చంపకూడదు. నలిగిన ఈగ నుంచి వచ్చే వాసన మిగతావాటిని అక్కడికే పిలుస్తుంది. కండువాతో మొహం కప్పుకుని బస్సులోకి పరుగెత్తి అద్దాలు మూసెయ్యాలి. నీళ్లలోకి దూకొద్దు, తల పైకి తీసేదాకా అవి అక్కడే కాచుకుని ఉంటాయి. దిగిన ముల్లును గోటితోనో ఏటీఎం కార్డు అంచుతోనో గీరి తీసెయ్యాలి. ఎలా తీశామన్నదానికంటే ఎంత త్వరగా తీశామన్నది ముఖ్యం, ముల్లు ఉన్నంతసేపూ విషం దిగుతూనే ఉంటుంది. పెదాలు వాచినా, ఆయాసం వచ్చినా, పిల్లలకూ ముసలివాళ్లకూ పది ముళ్లు దాటినా, నేరుగా శృంగవరపుకోట ప్రభుత్వ ఆసుపత్రికి బయల్దేరాలి.

మరి వంట సంగతి. అన్నం, సాంబారు, నాలుగు కూరలు డ్రమ్ముల్లో మోసుకొస్తే మధ్యాహ్నానికి పాచి వాసన వేస్తాయన్నది నిజం. వేడన్నం మూతేసి ఉంచితే, ఉడికినా చావని క్రిములు ఆ గోరువెచ్చదనంలో మళ్లీ పెరుగుతాయి. అందుకే తెచ్చుకునేది పుల్లటి అన్నాలు అయ్యుండాలి. యాభై మందికి లెక్క ఇది. పులిహోరకు అయిదు కిలోల బియ్యం, అరకిలో చింతపండు, ముప్పావు లీటరు నూనె. దద్దోజనానికి రెండు కిలోల బియ్యం, నాలుగు లీటర్ల పాలు, ముప్పావు లీటరు పెరుగు. పాలు ఎక్కువ, పెరుగు తక్కువ ఎందుకంటే, దారిలో తోడుకుని పన్నెండింటికి సరిగ్గా కమ్మగా ఉంటుంది. పెరుగే ఎక్కువ వేస్తే అప్పటికి పులిసి పళ్లు జివ్వుమంటాయి. మనిషికి రెండు బూరెలు, ఒక అరటిపండు. కార్తీకం గనక ఎలాగూ ఉల్లి, వెల్లుల్లి ఉండవు. నిలవకు అదీ మంచిదే.

పులిహోర పాడయ్యేది చాలాసార్లు చింతపండు చాలక కాదు, ఆరకముందే మూత పెట్టడం వల్ల. అన్నం వార్చాక వెడల్పు పళ్లేల్లో పరిచి, ఆవిరి పూర్తిగా పోయాకే పులుపు కలపాలి. మన వైపు ఆవ పెట్టకపోతే అది పులిహోరే కాదంటారు కాబట్టి ఇంకో మాట. ఆవముద్ద అన్నం చల్లారాక మాత్రమే కలపండి, వేడి మీద పడితే చేదెక్కుతుంది.

విస్తళ్లకు పేపరు ప్లేట్లు వద్దు. పైన మెరిసే పొర ప్లాస్టిక్కే. ప్లాస్టిక్ కప్పులు, చెంచాలు, ప్లేట్లు, థర్మాకోల్ అలంకరణ 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. విజయనగరం బజార్లో అడ్డాకు విస్తళ్లు దొరుకుతాయి. యాభై మందికి అరవై కొనండి, కొన్ని చిరుగుతాయి. ఎండిన విస్తరి మడత దగ్గర పెళుసుగా ఉంటుంది గనక వడ్డించడానికి పావుగంట ముందు నీళ్లు చిలకరించి, తడిగుడ్డ కప్పి ఉంచితే మెత్తబడుతుంది. తిన్నాక వాటినీ అక్కడ పారెయ్యకండి. ఆకే కదా, కుళ్లిపోతుంది కదా అనకండి. ఎంగిలి వాసనకు కోతులు, ఊరకుక్కలు చేరతాయి, ఆ మరుసటి వారం వచ్చినవాళ్ల చేతుల్లోంచి సంచులు లాక్కునేది ఆ కోతులే.

తాగడానికి మనిషికి రెండు లీటర్ల నీళ్లు, అంటే యాభై మందికి ఇరవై లీటర్ల క్యాన్లు అయిదు. చేతులు కడగడానికి మరో రెండు. గ్లాసులు ఎవరివి వాళ్లు స్టీలువి తెచ్చుకోవాలి. వంట అక్కడ లేదు గనక తోమాల్సిన గుండిగలు లేవు, సబ్బునీళ్లు, నూనె జిడ్డు జలాశయంలో కలవవు. ఆ నీళ్లు విశాఖపట్నం కుళాయిల్లోకి పోయే నీళ్లని గట్టు మీద నిలబడ్డవాళ్లలో ఎందరికి తెలుసో!

ఉసిరి దగ్గరకొద్దాం. కార్తీకంలో ఉసిరి చెట్టు నీడలో భోంచెయ్యాలన్నది ఈ పండగకు మూలం. దిగిన చోట ఉసిరి లేకపోతే, ఎక్కడి నుంచో పళ్లతో ఉన్న కొమ్మ నరికి తెచ్చి మట్టిలో పాతి పూజ చేస్తున్నారు. నరికిన కొమ్మ సాయంత్రానికి వాడిపోతుంది. కుండీలో పెంచిన ఉసిరి మొక్క నర్సరీల్లో దొరుకుతుంది. బస్సులో ఒక సీటు దానికి ఇవ్వండి, పూజయ్యాక తిరిగి తెచ్చి మీ కాలనీలో నాటుకోండి. అడవిలో మాత్రం నాటొద్దు. ఏ మొక్క ఎక్కడ రావాలో అడవికి మీకంటే బాగా తెలుసు.

భోజనాలకు ఏ చెట్టు కింద కూర్చోవాలన్నదానికీ ఒక లెక్క ఉంది. నవంబరులో మన దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి రాడు, దక్షిణానికి వాలి ఉంటాడు. అందుకని చెట్టు నీడ మానుకు ఉత్తరంగా అయిదారు మీటర్లు జరిగి పడుతుంది. పొద్దున ఎనిమిదింటికి మాను చుట్టూ చాపలు వేసినవాళ్లు పన్నెండింటికి ఎండలో తింటారు. మొదటి నుంచీ ఉత్తరం వైపే వేసుకోండి. కొమ్మలు అన్ని వైపులా ఆరేసి మీటర్లు చాచిన మామిడి గానీ చింత గానీ వంద చదరపు మీటర్ల పైచిలుకు నీడ ఇస్తుంది. మనిషికి రెండేసి చదరపు మీటర్లు, వడ్డన దారితో కలిపి వేసుకున్నా ఒక్క చెట్టు కింద యాభై మంది పడతారు. అంతకు మించితే రెండో చెట్టు చూసుకోండి, షామియానా వద్దు. ఒక్క మాట, పైన ఎండుకొమ్మ ఉన్న చెట్టు కింద కూర్చోకండి.

ఇక అసలు పని, అడవి చూడటం. భోజనమయ్యాక నడుద్దాం అనుకుంటే ఎవరూ లేవరు. ఏడున్నరకు చేరి, ఉప్మా తిని, ఎనిమిదింటికల్లా నడక మొదలుపెట్టండి. పదిహేను మందికి ఒక జట్టు, ముందొకరు, వెనకొకరు తెలిసినవాళ్లు. ఎక్కుడు దారిలో పిల్లలతో గంటకు రెండు కిలోమీటర్ల కంటే ఎక్కువ సాగదు, కాబట్టి పోను గంట, రాను గంట చాలు. ముందుగా అటవీ రేంజి కార్యాలయానికి కాగితం పెట్టాలి. తేదీ, మనుషుల లెక్క, బండ్లు, వెళ్లే చోటు, తిరిగొచ్చే వేళ, బాధ్యుడి ఫోను నంబరు, ఇవి ఉంటే చాలు.

దారిలో ముందు జీడితోటలు, జామాయిల్ తోటలు తగులుతాయి. చాలామంది అక్కడే ఆగి అడవి చూశామనుకుంటారు. వరసలు కనిపిస్తున్నాయంటే అది తోటే. టేకు వరసలు కూడా అంతే. కానీ టేకు దగ్గర ఒక నిమిషం ఆగండి. ఆకు ఇసుక కాగితంలా గరుకుగా ఉంటుంది, లేతాకు వేళ్ల మధ్య నలిపితే వేళ్లు ఎర్రబడతాయి. కార్తీకానికి చాలా ఆకులు ఈనెలు మిగిలి జల్లెడలా ఉంటాయి. అది తెగులు కాదు, ఆకుపచ్చ మెత్త మాత్రం తినే గొంగళిపురుగు పని.

వరసలు చెదిరి, కింద తీగలు అల్లుకుని, మానుకూ మానుకూ బెరడు మారుతోందంటే అప్పుడు అడవిలోకి వచ్చినట్టు. నల్లమద్ది బెరడు మొసలి వీపులా గళ్లు గళ్లుగా పగిలి ఉంటుంది. ఆకు తిరగేసి చూస్తే తొడిమ దగ్గర రెండు చిన్న బుడిపెలు. వేసవిలో దీని మానులో నీళ్లు నిలవ ఉంటాయి. గెడ్డ (కొండవాగు) ఒడ్డున నున్నటి లేత రంగు బెరడుతో పొరలు ఊడుతున్నది ఏరుమద్ది, దాని కాయకు అయిదు రెక్కలు. వేగిస కాయ గుండ్రంగా బిళ్లలా ఉండి చుట్టూ పల్చని రెక్క ఉంటుంది. మానుకు గాటు పెడితే రక్తంలా జిగురు కారుతుందని పిల్లలకు నోటితో చెప్పండి, గాటు పెట్టి చూపించకండి. ఇప్ప ఆకులు కొమ్మ చివర గుత్తిగా ఉంటాయి, తుంపితే పాలు. మోదుగకు మూడేసి ఆకులు. నల్లటి బెరడు పలకలు పలకలుగా ఉన్నది తునికి, బీడీ ఆకు దీనిదే. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర చెట్టు ఎంత సన్నగా, అనామకంగా ఉంటుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. చెట్టు మీదికి చెట్టంత తీగ పాకి, ఆవు గిట్టలా చీలిన పెద్ద ఆకుతో కనిపిస్తే అది అడ్డ. మధ్యాహ్నం మీరు తినబోయే విస్తరి అదే. గుగ్గిలం కోసం ఇక్కడ వెతక్కండి. మధ్య భారతం నుంచి దిగివచ్చే ఆ చెట్టు దక్షిణాన ఆగిపోయేది ఉత్తరాంధ్ర కొండల్లోనే, కానీ అన్ని కొండల మీదా ఉండదు.

పిల్లలకు పని చెప్పాలంటే ఇంతకంటే సులువు లేదు. రాలిన ఆకులు మాత్రమే, ఎనిమిది రకాలు ఏరి, గరుకుదేది, నున్ననిదేది, నూగు ఉన్నదేది అని విడదీయమనండి. తంబోలా ఎవరికీ గుర్తురాదు. వీటిలో చాలా చెట్లు జనవరి నుంచి ఆకు రాలుస్తాయి. వానలు లేని నెలల్లో అంత వెడల్పాకును మోస్తే ఉన్న తడంతా ఆవిరైపోతుంది. అందుకే కార్తీకంలో పచ్చగా, నిండుగా కనిపించిన కొండే మార్చి నాటికి గోధుమ రంగుకు తిరిగి, మధ్యలో మోదుగలు మాత్రం ఎర్రగా వెలుగుతుంటాయి. కుదిరితే అప్పుడూ ఒకసారి రండి.

రెండు మొక్కల్ని మాత్రం ముట్టకూడదు. ఒకటి దూలగొండి. చిక్కుడులాంటి కాయల మీద బంగారు నూగు, ఈ రోజుల్లోనే ముదురుతుంది, గాలికి కూడా రాలుతుంది. తగిలితే గోకొద్దు, చేత్తో రుద్దొద్దు. అంటుకునే టేపు వేసి లాగితే నూగు వచ్చేస్తుంది, ఆ తర్వాతే కడగాలి. రెండోది నల్లజీడి, దాని రసం తగిలితే బొబ్బలెక్కుతాయి.

నీళ్ల దగ్గర మా మాట కాస్త గట్టిగానే ఉంటుంది. జలాశయం పూర్తి మట్టం సముద్రమట్టానికి 297 అడుగుల ఎత్తు. వానలు బాగా పడిన ఏడు కార్తీకానికి దాదాపు నిండుగా ఉంటుంది. నిండినప్పుడు అసలు ఒడ్డు మునిగి ఉంటుంది. మీకు కనిపించే అంచు కొండవాలు మధ్యలో ఎక్కడో ఉంటుంది. రెండడుగులు మోకాలి లోతు, మూడో అడుగుకు మనిషి మునుగుతాడు. కింద మునిగిన పొదలు, మొద్దులు ఉంటాయి, కాలు చిక్కుకుంటుంది. ఈత వచ్చినవాళ్లు పోయేది కూడా ఇలాగే. కాళ్లు తడుపుకోవాలని ఉంటే గట్టు మెట్ల దగ్గర తప్ప ఇంకెక్కడా దిగనివ్వకండి. గట్టు దిగువన నదిలోని బండల మీద అసలు కూర్చోవద్దు, గేట్లు ఎత్తితే నిమిషాల్లో నీళ్లు వచ్చేస్తాయి. కొండ గెడ్డలదీ అదే తీరు. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన అనంతగిరిలో వాన పడితే గెడ్డ పొంగుతుంది. నీరు మట్టి రంగుకు తిరిగినా, ఎండుటాకులు కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కాలి.

పడవ తిరుగుతున్న రోజైతే లైఫ్ జాకెట్టు వేసుకోవడమే కాదు, బకిళ్లన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేస్తే అది నీళ్లలో మీ తల మీంచి ఊడిపోయే జాకెట్టు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన సంగతి మర్చిపోయేది కాదు.

జబ్బుల మాట. కార్తీకంలో పొదల్లో ఉండే సన్నటి పురుగు పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుట్టినప్పుడు తెలియదు. వారం, పది రోజులకు, ఒక్కోసారి మూడు వారాలకు జ్వరం, తలనొప్పి. చంకలోనో, గజ్జల్లోనో, నడుం దగ్గరో చుట్ట కాల్చినట్టు నల్లటి మచ్చ ఉంటే డాక్టరుకు చూపించి, అడవికి వెళ్లొచ్చామని చెప్పండి. త్వరగా గుర్తుపడితే డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందుకే లొంగుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. చీరలు, తువ్వాళ్లు పొదల మీద ఆరెయ్యకండి, పిల్లల్ని గడ్డి మీద పడుకోబెట్టకండి. ఇంటికి రాగానే స్నానం, ఆ బట్టలు వేడినీళ్లలోకి. పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు. కాలు కదలకుండా కర్ర ఆనించి కట్టి, మనిషిని మోసుకుని బండి దగ్గరకు తేవాలి. కొండ మలుపుల్లో ఫోను సిగ్నల్ పోతుంది. 108కి ఎక్కడి నుంచి మాట్లాడగలరో వచ్చేటప్పుడే చూసి పెట్టుకోండి. ఒక కారు రోజంతా ఖాళీగా, రోడ్డు వైపు తిప్పి ఉంచండి.

దారిలో గిరిజనుల ఊళ్లలో ఈ నెలలో చోళ్లు (రాగులు), సామలు కోతకొస్తాయి. నున్నగా అలికిన ఖాళీ జాగా కనిపించగానే బస్సు ఆపుతారు. అది కల్లం, పార్కింగు కాదు. బుట్టల్లో సీతాఫలాలు అమ్ముతుంటే చెప్పిన ధరకు కొనండి. చందాలో శాలువాలకు పెట్టే సొమ్ముతో పోలిస్తే అదెంత.

తేదీ ఎంపిక చివరికి మిగిలింది. అందరూ ఆదివారాల మీద, కార్తీక సోమవారాల మీద పడతారు. శనివారం పెట్టుకోండి, అడవి మీకే ఉంటుంది. తుఫాను హెచ్చరిక ఉంటే మొహమాటం లేకుండా వాయిదా వెయ్యండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, రెండూ కార్తీకానికి నెలలోపు ముందు వచ్చినవే. తుఫాను వెళ్లిన రెండు వారాలు కూడా అడవిలోకి వద్దు, వేళ్లు కదిలిన చెట్లు గాలి లేకున్నా పడతాయి. నవంబరులో సూర్యాస్తమయం 5.20 ప్రాంతంలో. కానీ పడమట కొండలున్నాయి గనక నాలుగున్నరకే నీడ కమ్ముతుంది, దోమలు లేస్తాయి. మూడున్నరకు బస్సు కదలాలి.

అలా కదలాలంటే పొద్దున ఆరున్నరకు విజయనగరం వదలాలి. అన్నం ఆరడానికి ముప్పావుగంట పడుతుంది కాబట్టి అయిదున్నరకు వంట దిగాలి, అంటే మూడున్నరకే పొయ్యి వెలగాలి. బియ్యం, చింతపండు ముందురోజు రాత్రే కొలిచి పక్కన పెట్టించండి.

ఇట్లు,
తాటిపూడి కొండల దారులు తెలిసిన కొందరు,
విజయనగరం